ముట్టని వరుస

"ఈ ప్రోగ్రాం నువ్వే రాసినవా?"

జోసెఫ్ సార్ కాగితాన్ని బల్ల మీద పెట్టి అడిగాడు. వనపర్తిలోని ఆ మేడమీది కంప్యూటర్ క్లాసులో ఐదుగురు తలలెత్తి చూశారు. ఆరోవాడు శ్రీనాథ్ తల దించుకున్నాడు.

"నేనే సార్."

"నిజంగ?"

"నేనే సార్." రెండోసారి అంటున్నప్పుడే సరుకు నాసిదని తన గొంతు తనకే చెప్పేసింది.

గద్వాలలో పల్లీల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాడు. ఏ పనిలోనైనా ముందు లాభనష్టాలే కనబడతాయి. బ్యాంకుల పెద్ద కంప్యూటర్లకు అసెంబ్లర్ అనే పాత భాషలో ప్రోగ్రాంలు రాసేవాళ్లు ఇప్పుడు దొరకడం లేదు. సార్ ఈ క్లాసులోంచి ఒక్కరి పేరే హైదరాబాదు కంపెనీకి పంపుతాడు. రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో లెక్కగట్టే ప్రోగ్రాం ఎవరిది బాగుంటే ఉద్యోగం వాళ్లది. నాలుగు రోజులు కుస్తీ పట్టినా శ్రీనాథ్ ప్రోగ్రాం ఫిబ్రవరి దాటలేదు. ఐదో రోజు క్లాసు కంప్యూటర్లో సార్ పాత ఫైలు కంటబడింది. పక్కన రాసిన వివరణలు మార్చాడు, పేర్లు మార్చాడు. అర్థంకాని వరుసల జోలికి మాత్రం పోలేదు. తూకంలో తేడా తెలియదనుకున్నాడు.

"ఇది నాది," అన్నాడు సార్. "ముప్పయేండ్ల కింద రాసిన. బ్యాంకుల ఒక్కనాడు ఆగలే. సంచి మార్చి సరుకు నాదంటవా? మీ గద్వాల మార్కెట్ల గిట్లనే చేస్తరా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. శ్రీనాథ్ చెవులు వేడెక్కాయి.

"మొదటి రోజు ఏం చెప్పిన? ఇంకో ప్రోగ్రాం అంకెలు పెట్టుకున్న రిజిస్టర్లు వాడుకుంటె, పోయేముందు ఏం చెయ్యాలె?"

"ఎట్లున్నయో గట్ల తిరిగి పెట్టాలె సార్."

"నోటికొచ్చు. చేతికి రాలే!"

శ్రీనాథ్ లెక్క వేసుకున్నాడు. ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. ఒప్పుకోకపోతే ఉద్యోగంతో పాటు ముఖం కూడా పోతుంది. రెండోదే పెద్ద నష్టం.

"తప్పయింది సార్. మీ ఫైల్లకెళ్లి తీసిన."

అక్కడితో అయిపోతుందనుకున్నాడు. సార్ మాత్రం కాగితాన్ని చేతి దూరాన పట్టుకుని, వేలితో చివరి వరుస మీద కొట్టాడు.

"తీస్తివి, సరే. మీద నీ పేరెందుకు చెక్కినవ్‌ర? ఈ వరుస నేను రాయలే."

ఆ వరుసలో అంకెలూ అక్షరాలూ కలగలిసిన పద్నాలుగు గుర్తులున్నాయి.

"పాతోళ్లు గిట్లనే పేర్లు దాస్తుండిరి. రెండు గుర్తులకు ఒక అక్షరం. పద్నాలుగుకు ఏడు. నీ పేరుకు ఇంగ్లీషుల ఎన్ని అక్షరాలు?"

శ్రీనాథ్ వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"ఏడు సార్. కానీ నేను దాన్ని ముట్టలే. బీచుపల్లి ఆంజనేయస్వామి తోడు సార్!"

"దేవుణ్ని గూడ క్లాసుకు గుంజినవా? ఏ గుర్తుకు ఏ అక్షరమో చూపే పట్టిక తీసి చదువు. అందరికీ వినబడాలె."

పట్టిక తెరవబోతే కాగితాలు చేతుల్లోంచి జారిపోయాయి. ఆత్మకూరు నుంచి వచ్చే సుప్రియ తన పట్టికను అతని ముందుకు జరిపింది.

"జర నిమ్మళంగ చదువన్నా," అంది చిన్నగా.

ఆ మంచితనం సార్ తిట్టుకంటే బరువనిపించింది. ఈ అమ్మాయి వారం రోజులు కష్టపడి సొంతంగా రాసుకుంది. తను దొరక్కపోయి ఉంటే నష్టం ఆమెకే.

"డీ ఫోర్..." పట్టిక మీద వేలు జరిపాడు. "ఎం."

"ఎస్ గదా? సక్కగ చూడు."

"ఎమ్మే సార్. సీ వన్, ఏ. డీ త్రీ, ఎల్. సీ వన్, మళ్లా ఏ..."

"చాలు. కూసో."

సార్ గొంతు ఉన్నట్టుండి సన్నబడింది. కాని సుప్రియ వేలు అప్పటికే వరుస చివరిదాకా పోయింది.

"టీ, హెచ్, ఐ. మాలతి! నీ పేరు గాదన్నా ఇది!" అంటూ సార్ వైపు తిరిగింది. "మాలతి ఎవరు సార్?"

జోసెఫ్ సార్ కాగితం మడిచాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు. శ్రీనాథ్ తల ఎత్తేసరికి సార్ తల కిందికి వాలి ఉంది.

"ఈ ప్రోగ్రాం రాసినామె," అన్నాడు.