ఫార్మాట్ కొట్టను

"ఫార్మాట్ కొట్టేయమ్మా, పీడా పోతుంది," అన్నాడు సూపరింటెండెంట్ ఆమె కుర్చీ వెనక నిలబడి.

"కొట్టను సార్."

తాగునీటి పరీక్షల ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ చూసేది ఆమె ఒక్కతే. పై ఆఫీసు ఆదేశం వస్తే పొద్దున సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసింది. తిరిగి ఆన్ చేసేసరికి రెండో డిస్కు మౌంట్ కాలేదు, తెరుచుకోనే లేదు. పదేళ్ల నీటి రిపోర్టులు, వాటిని ఎవరు ఎప్పుడు తెరిచారో చెప్పే లాగ్ అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ రిపోర్టుల్లో అంకెలు ఎవరు మార్చేశారో తేల్చడానికి మూడింటికి విచారణ సంఘం వస్తోంది.

"అప్‌గ్రేడ్ అన్నాక ఒకటో రెండో పోతుంటాయి. డేటా పోయిందని రాసివ్వు, నేను సంతకం పెడతా. ఎవరూ ఏమీ అనరు." ఆయన గొంతు తగ్గించాడు. "నా మాట విను."

"పోనిదాన్ని పోయిందని ఎలా రాయను?"

పక్క సీటు గుమాస్తా విసుక్కుంది. "అక్కా, సారే గట్టెక్కిస్తానంటుంటే నీకెందుకింత మొండితనం?"

"మొండిదాన్ని కాబట్టే ఇన్నాళ్లూ ఇక్కడ నెగ్గుకొచ్చాను."

ఆమె డిస్కుల జాబితా తెరిచింది. డిస్కు ఉంది. అందులో డేటా ఉండే భాగం, పార్టిషన్, చెక్కుచెదరలేదు. కొత్త సిస్టమ్ దానికి వేరే పేరు పెట్టింది, సెట్టింగుల ఫైలేమో ఇంకా పాత పేరుతోనే వెతుకుతోంది. ఆమె ఆ పేరు కొట్టేసి, పార్టిషన్‌కుండే గుర్తింపు సంఖ్య రాసింది. మళ్లీ ఎర్రర్. సంఖ్యలో ఒక అంకె తప్పు పడింది. భోజనాల వేళ దాటిపోయినా లేవలేదు. దిద్ది, ఎవరూ వేలు పెట్టే వీల్లేకుండా, చదవడానికి మాత్రమే తెరుచుకునేలా మౌంట్ చేసింది.

ఫోల్డర్లు బిలబిలా వచ్చి తెరంతా నిండాయి.

"ఇప్పటికైనా మించిపోలేదు," గొణిగాడు సూపరింటెండెంట్.

"మించిపోయింది సార్. వాళ్లు మెట్లెక్కుతున్నారు."

ముగ్గురు సభ్యులు వచ్చి బల్లకు అవతల కూర్చున్నారు. "అప్‌గ్రేడ్‌లో ఏదో తేడా వచ్చిందన్నారు. రికార్డులు ఉన్నట్టా, లేనట్టా?" అడిగాడు పెద్దాయన.

"ఉన్నాయి సార్. ఒక్క అక్షరం పోలేదు."

సూపరింటెండెంట్ నుదురు పట్టుకున్నాడు. ఆమె తెరను వాళ్ల వైపు తిప్పి, ఎదురుగా వేసిన ఒంటరి కుర్చీలో నిటారుగా కూర్చుంది.

విచారణ ఆమె మీదే.