ఒక మాట వేసిన మనిషి

అతని కళ్లముందే ఒక పెద్దమనిషి అతనిచ్చిన విజిటింగ్ కార్డును నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న టేబులు కాలి కిందికి తోశాడు.

"హమ్మయ్య, ఇప్పుడు కదలట్లేదు," అన్నాడు పక్కవాడితో.

అతనికి ఒళ్లు మండిపోయింది. మొన్నమొన్నటిదాకా మందుల కంపెనీలో గోడౌను మేనేజరు. కంపెనీ మూతపడ్డాక ఉత్త మనిషి.

ఈ సరుకు రవాణా వ్యాపారుల సమావేశానికి అతన్ని తరిమింది బావ. "ఉద్యోగాలు పేపర్లో ఉండవురా, మనుషుల దగ్గరుంటాయి. వెళ్లి నలుగురితో పరిచయం చేసుకో," అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుపెట్టాడు. అక్క కూడా మొగుడికే వంతపాడింది.

హాలంతా తిరిగాడు. ఒకరు "మెయిల్ పెట్టండి" అన్నారు. ఒకరు "చూద్దాం" అన్నారు. ఇంకొకరు ఇతనితో మాట్లాడుతూనే ఇతని భుజం మీదుగా ఎవరినో చూసి చెయ్యి ఊపారు.

నిజానికి అతనికి కావలసింది ఒక్కడే. లారీల కంపెనీ యజమాని. ఆయన చుట్టూ బెల్లం మీద ఈగల్లా జనం.

సందు కోసం కాచుకుని ఉండగా, చారల చొక్కా వేసుకున్న ఒకాయన టీ కప్పుతో పక్కకొచ్చి నిలబడ్డాడు.

"మీరూ పని వెతుక్కుంటున్నారా?"

"ఎలా తెలిసింది?"

"నా మొహమూ ఇలాగే ఉంది కదండీ," అని నవ్వాడు. "నేనూ అందుకే వచ్చాను."

సరిపోయింది అనుకున్నాడు అతను. మునిగేవాడికి మునిగేవాడు తోడు.

"ఇంతకుముందు ఎక్కడ చేసేవారు?"

"మందుల గోడౌను."

"చల్లగా ఉంచే సరుకు కదా. కరెంటు పోతే ఎలాగండీ?"

వదిలించుకుందామని ముక్తసరిగా చెప్పాడు. ఒకసారి కరెంటు పోయింది, జనరేటరూ మొండికేసింది, చేపలు మోసే ఏసీ లారీలు పిలిపించి సరుకంతా వాటిలోకి ఎక్కించాడు.

ఆయన టీ తాగడం మర్చిపోయి విన్నాడు.

"డ్రైవర్లు వెంటనే వచ్చారా?"

"బతిమాలితే వచ్చారు."

"ఏమని బతిమాలారు?"

జిడ్డు, అనుకున్నాడు అతను. అంతలో లారీల యజమాని ఒంటరిగా కనపడ్డాడు.

"మీ కార్డొకటి ఇవ్వండి. నా నంబరు కూడా..." అంటున్నాడు చారల చొక్కా ఆయన.

"తర్వాత తీసుకుంటానండీ." కార్డు ఆయన చేతిలో కుక్కి, పరుగులాంటి నడక నడిచాడు.

యజమాని కార్డు చూడకుండానే జేబులో వేసుకున్నాడు. "ఫోన్ చెయ్యి, మాట్లాడదాం."

ఫోన్ చేశాడు. చేస్తూనే ఉన్నాడు. సారు మీటింగులో ఉన్నారు. సారు భోంచేస్తున్నారు. సారు ఇప్పుడే బయటికెళ్లారు.

"ఏమైందిరా?" అని రోజూ పుండు మీద కారం చల్లేవాడు బావ.

ఒక ఉదయం విసుగెత్తి ఫోన్ మంచం మీదికి విసిరేస్తే, పడ్డచోటే మోగింది.

"టీకాల కంపెనీ నుంచండీ. మీ గురించి విన్నాం. ఒకసారి వచ్చి కలవగలరా?"

వెళ్లాడు. ఉద్యోగం వచ్చింది.

ఆ సాయంత్రమే లారీల యజమానికి ఫోన్ చేశాడు. విచిత్రంగా ఈసారి సారు దొరికారు.

"అంతా మీ దయ సార్. టీకాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది."



"ఆఁ, అవునవును. ఒక మాట వేశాన్లే. మనవాళ్లకి మనం చేసుకోకపోతే ఎలా?"

"చూశావా, పెద్దవాళ్ల పరిచయం అంటే అదీ," అన్నాడు బావ, ఆ మాట తనే వేయించినట్టు.

ఉద్యోగంలో చేరిన రోజు కొత్త మేనేజరును అడిగాడు. "లారీల కంపెనీ యజమానిగారు నా గురించి ఏం చెప్పారు సార్?"

"ఆయనెవరు?"

"మరి నా సంగతి మీకెలా..."

"ఒకాయన చెప్పాడు. మీ చేపల లారీల కథంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. మీరు డ్రైవర్లను బతిమాలిన సంగతితో సహా. ఏదో సమావేశంలో కలిశారట కదా."

చారల చొక్కా. పేరైనా అడగలేదు.

"ఆయన ఇక్కడే పనిచేస్తారా సార్? ఏ సెక్షను?"

మేనేజరు తల అడ్డంగా ఊపాడు.

"లేదండీ, మీ ఉద్యోగానికే ఇంటర్వ్యూకొచ్చి, మేం కుదరదని చెప్పేశాక, లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగి, మీ కార్డు ఇచ్చి మీ పేరు చెప్పాడు."