పలికిన కనెక్షన్

అయినా, తెగిపోయిన కనెక్షన్ బదులెలా పలుకుతుంది? ఆసుపత్రి కంప్యూటర్ల గదిలో రాత్రి డ్యూటీలో ఒంటరిగా కూర్చున్న ఆమెకు ఇదే ఆలోచన. డేటాబేస్ ఆగి మళ్లీ లేచింది. ఒక్కో కంప్యూటర్‌కూ ఉన్న పాత కనెక్షన్లు చచ్చిపోయినా సర్వర్ వాటినే పట్టుకు వేలాడుతోంది. అన్నింటినీ తెంచి కొత్తవి కలిపితేగాని, రక్తం కావాలన్న ఏ వార్డు కబురూ బ్లడ్ బ్యాంకుకు చేరదు.

పని నేర్పిన అక్క ఎప్పుడూ తిట్టేది. “మొద్దూ! ఏ కనెక్షనైనా వాడేముందు ‘ఉన్నావా’ అని అడగాలే. పలక్కపోతే వదిలెయ్. శవంతో కబుర్లేంటి?”

అందుకే ఒక్కోదాన్నీ అడుగుతూ వచ్చింది. ఏదీ పలకలేదు. చివరిది మాత్రం “ఉన్నా” అంది. అది అక్క కంప్యూటర్‌ది. అక్క పోయిన మర్నాడే దాని వైరు పీకేశారు. ఆ వైరు ఎదురుగా ఖాళీ కుర్చీలో చుట్టచుట్టి ఉంది.

గదిలో ఏసీ హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. తెర మీద ఇంకో మాట కనబడింది.

“తిన్నావా?”

కింద వార్డులో ఫోను మోగుతూనే ఉంది. మూత తీయని టిఫిన్ డబ్బాను ఆమె తెరకు కనబడకుండా పక్కకు జరిపింది.

“తిన్నాలే. నువ్వింక పడుకో అక్కా” అని టైపు చేసి, దాన్నీ తెంచింది.