అమ్మ నవ్వలేదు

"ఆపెయ్యే! నానెప్పుడు నవ్వినాను?"

పలాస ఆసుపత్రిలో డయాలసిస్ మంచం మీదనుంచి పైడమ్మ కసిరింది. 'సూది గుచ్చినా అమ్మ నవ్వుతూనే ఉంటుంది' అని తాను రాసిన కథ చదివి వినిపిస్తున్న కూతురు సంతోషికి ఒళ్లు మండింది.

"కాలేజీలో అమెరికా రియలిజం పాఠం సెప్పి, ఆ రచయితల్లాగ మనింటి సంగతి ఉన్నదున్నట్టు రాయమన్నారమ్మా!"

"మరి సూదెట్టినప్పుడల్లా నాను తిట్టే తిట్లేవీ?"

"తిట్టేదాన్ని సూసి ఎవులు జాలిపడతారు?"

పైడమ్మ గొంతు లేచింది. "కిడ్నీ రోగులతో ఫొటోల కోసం వచ్చిన ప్రతీ నాయకుడూ, ప్రతీ పేపరోడూ నన్ను నవ్వమన్నాడు. ఒక్కడికీ నవ్వలేదు. ఆల్లకియ్యని నవ్వు నువ్వెలాగ రాసేసినావే?"

సంతోషి కోపం చేతిలోని కాగితం మీదికి తిరిగింది. ఆ వాక్యాన్ని కాగితం చిరిగేలా కొట్టేసింది.

"తిట్టమ్మా. రాత్తాను."