దరువు బండి

బండి మళ్ళీ ఆగింది.

రియాద్ రోడ్డు మీద ఇది మూడోసారి. వెనక సీట్లో ఉన్న లింబాద్రికి ఒళ్ళు మండిపోయింది.

“మళ్ల ఎందుకు ఆపినవ్ భాయ్?”

“మొహాలు కడుక్కోండబ్బాయ్. టీ తాగి పోదాం,” అన్నాడు డ్రైవర్ కాలేషా, తాళం తీసి జేబులో వేసుకుంటూ.

“ఆలస్యం అమృతం విషం అన్నరు పెద్దలు,” అన్నాడు బేస్ గిటార్ వాయించే స్వామి.

“నిదానమే ప్రధానం అన్నదీ ఆ పెద్దలేగా!” అని నవ్వాడు కాలేషా.

కాలేషాది ఒంగోలు వైపు. డ్రైవర్ కావాలని నలుగురికీ చెప్పి ఉంచితే, తనంతట తానే వచ్చి నెల కిందట చేరాడు. బండి ముల్లు వంద దాటనివ్వడు. అందరూ బెల్టు పెట్టుకుంటేనే కదులుతాడు. ‘ఎడ్లబండి భాయ్’ అని పేరు పెడితే, దానికీ నవ్వి ఊరుకున్నాడు.

సౌదీలో తాముండే ఊరు ఖతీఫ్ పేరుతోనే బ్యాండుకు ‘ఖతీఫ్ దరువు’ అని పెట్టుకున్నారు. డ్యూటీల్లో పైపులు బిగించేవాళ్ళు, ఏసీలు బాగుచేసేవాళ్ళు. ఒక ఫిలిప్పీన్స్ ఫోర్‌మన్ నేర్పిన ఫంక్ సంగీతానికి మన డప్పు దరువు కలిపి కొట్టేవాళ్ళు. అది వింటే ఎంత బిగదీసుకుని కూర్చున్న మనిషికైనా కాలు ఆగేది కాదు.

ఇప్పుడు ముగ్గురే గానీ, ఒకప్పుడు నలుగురు. పాడే మస్తాన్ పోయిన ఏడాది చనిపోయాడు. ప్రోగ్రాం నుంచి తిరిగొస్తుంటే వ్యాను బోల్తా పడింది. తోలుతున్నది డ్రమ్స్ వాయించే లింబాద్రి. కునుకు పట్టింది, అంతే.

ఇక్కడి కోర్టుల్లో పోయినవాళ్ళ ఇంటివాళ్ళ మాటకు విలువెక్కువ. మస్తాన్ తల్లి మాఫీ చేసిందని చెప్పి, జైల్లో ఉన్న లింబాద్రిని కోర్టుకు పిలవకుండానే విడిచిపెట్టారు. ఆమెకు ఫోన్ చేసి ఏడవాలని ఎన్నోసార్లు అనుకున్నాడు. ఆ గొంతు వినే ధైర్యం చాలలేదు.

మళ్ళీ డ్రమ్స్ ముట్టుకోవడానికి నెలలు పట్టింది. కీబోర్డు వాయించే ఉదయకిరణే పాట కూడా నెత్తికెత్తుకున్నాడు. ఇన్నాళ్ళకు రియాద్ తెలుగువాళ్ళు తమ సంఘం వార్షికోత్సవానికి పిలిచారు. అక్కడ నిలబడితే బ్యాండు నిలబడినట్టే. లేకపోతే ఎవరి క్యాంపులో వాళ్ళు ముసుగు తన్ని పడుకోవడమే.

లింబాద్రి ఫోన్‌లో టైమ్ చూసుకున్నాడు. ఇంకా సగం దారి కూడా కాలేదు.

“తాళం ఇయ్యి. నేను తోల్త.”

మిగతా ఇద్దరూ బిత్తరపోయారు. ఆ ప్రమాదం తర్వాత అతని నోట ఆ మాట రావడం ఇదే మొదలు.

కాలేషా అతని మొహంలోకి చూశాడు.

“రాత్రి డ్యూటీ చేసొచ్చావు. కళ్ళు ఎర్రగా ఉండయ్. నువ్వు తోలమాక.”

“నువ్వెవ్వనివి నాకు చెప్పనీకి? మా మస్తాన్ పోతే మేమెంత ఏడ్చినమో నీకేం ఎరుక?”

ఉదయకిరణ్ తల దించుకున్నాడు.

“నిజమేలే అబ్బాయ్,” అన్నాడు కాలేషా. “టీ చల్లారిపోద్ది, తాగు.”

తాళం మాత్రం ఇవ్వలేదు.

వాళ్ళు చేరేసరికి వాళ్ళ వంతు దాటిపోయింది. సంఘం కార్యదర్శి మండిపడ్డాడు.

“ఎనిమిది పాటలనుకున్నాం. ఇప్పుడు టైమెక్కడుంది? రెండు పాడి దిగండి.”

రెండే పాడారు. రెండోది మస్తాన్ కట్టిన పాట. ఉదయకిరణ్ గొంతు మొదట్లో వణికింది. లింబాద్రి దెబ్బ అందుకున్నాక కుదురుకుంది. ముందు పిల్లలు లేచి ఎగిరారు, తర్వాత పెద్దవాళ్ళూ లేచారు. ఇంకో పాట అని జనం అరుస్తుండగానే మైకు కట్టేశారు.

దిగుతూ చూస్తే కాలేషా చివరి కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు.

“మన పాటకు నిద్రపోతున్నడు సూడు!” అన్నాడు లింబాద్రి.

మర్నాడు ఖతీఫ్‌లో సామాను దింపుకున్నాక లింబాద్రి కడుపులో ఉన్న కోపమంతా కక్కేశాడు.

“రేపటి సంది రాకు భాయ్. నీ నిదానం మా కొంప ముంచింది.”

కాలేషా తాళం తీసి, లింబాద్రికి కాకుండా స్వామి చేతిలో పెట్టాడు.

“ఎవరు తోలినా నిద్ర కళ్ళతో తోలనీమాక,” అని వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి రియాద్ నుంచి కార్యదర్శే ఫోన్ చేశాడు. ఆ రెండు పాటలే అందరి నోళ్ళలో ఉన్నాయట. ఈసారి సాయంత్రమంతా వాళ్ళదే ప్రోగ్రాం. ముగ్గురూ ఒకరినొకరు కావలించుకున్నారు. బ్యాండు నిలబడింది!

ఇక కావలసింది డ్రైవరే. లింబాద్రి హన్మాండ్లుకు ఫోన్ చేశాడు. కేసుల్లో ఇరుక్కున్న మనవాళ్ళ కోసం కోర్టుల చుట్టూ తిరిగే పెద్దమనిషి ఆయన. లింబాద్రి కేసు చూసిందీ ఆయనే.

“మంచి డ్రైవరుంటే చెప్పు కాకా.”

“కాలేషా ఉండె గదరా మీతోని?”

“ఆయన నీకెట్ల ఎరుక? తీసేసినం కాకా. గాయనతోని ఏగలేకపోయినం.”

ఇక దాచి లాభం లేదనుకున్నాడు హన్మాండ్లు.

“గాయన జిద్దాల ట్రైలర్ లారీ తోలే నౌకరి ఇడిసిండురా. దేశం ఇడిసే ఎగ్జిట్ వీసా పడ్డంక గూడ ఇంటికి పోలే. గడువు ఉన్నన్ని దినాలు ఆ పోరగాండ్లకు బండి తోల్త, నేనెవరో చెప్పకు అని నాతోని ఒట్టేయించుకున్నడు. నిన్ననే ఇమానం ఎక్కిండు.”

“మా బండి తోలనీకి జిద్దా నుంచి వచ్చుడేంది? మేమేమయితమని?”

“కోర్టుల వాళ్ళమ్మ తరపున నిలబడి నిన్ను ఇడిసిపెట్టుమని చెప్పింది గాయననే లింబాద్రీ, మన మస్తాన్ తోడబుట్టిన అన్న.”