కిటికీ పక్క సీటు

"నాయనా, ఆ ముసలాయన ఈ పొద్దు గూడా నా ఎనకాలే కూర్చున్నాడు."

సాయంత్రం బస్సు దిగి వచ్చిన యామిని భుజం మీది సంచి కూడా దించకుండా చెప్పింది.

జొన్నరొట్టె తుంచుతున్న శేషయ్య చేయి ఆగింది.

"ఏ ముసలాయన?"

"పోయేటప్పుడూ ఉంటాడు, వచ్చేటప్పుడూ ఉంటాడు. మొగమంతా తువ్వాలు చుట్టుకోనుంటాడు."

"నీతో ఏమన్నా మాట్లాడినాడా?"

"హైస్కూల్లో బెంచీలుండాయా, ఇంగ్లీషు సారు కొడతాడా అని అడిగినాడు. నేను పలకల్యా."

అది తొంభై ఆరు జూన్. ఊళ్లో బడి ఐదో తరగతితో సరి. యామిని ఆళ్లగడ్డ హైస్కూల్లో ఆరులో చేరి ఇంకా వారం కాలేదు.

బెంచీ మీద కూర్చోవాలనీ, పాఠానికో కొత్త సారు రావాలనీ ఎండాకాలమంతా కలలు కంది. ఇంగ్లీషు రాదనీ, పెద్దపిల్లలు ఏడిపిస్తారనీ భయపడింది. ఆ వయసు పిల్లలందరికీ ఉండే భయాలే అవి.

ఇంకో భయం మాత్రం ఆ ఇంట్లో పుట్టినందుకు వచ్చింది.

ఆళ్లగడ్డ దారిలో చింతలమిట్ట ఉంది. అది కరుణాకర్ ఊరు. కరుణాకర్‌కూ శేషయ్యకూ పడదు. పడకపోవడమంటే ఏమిటో రెండు ఊళ్లలోనూ బొట్టు చెరిగిన ఆడవాళ్లను అడిగితే చెబుతారు.

రెండేళ్ల కిందట శేషయ్య మనుషులు కరుణాకర్ జీపు మీద బాంబులు వేశారు. పొగ పోయాక చూస్తే జీపులో కరుణాకర్ లేడు. అతని కూతురుంది. నంద్యాల హైస్కూల్లో చేరడానికి కొత్త ట్రంకుపెట్టెతో పోతూ ఆ జీపులోనే చచ్చిపోయింది.

"పొరపాటయింది," అన్నాడు శేషయ్య ఆ రోజు.

అందుకే తన కూతుర్ని హైస్కూలుకు పంపనన్నాడు. భార్య రంగమ్మ వినలేదు. "నీ కొడవండ్లకు భయపడి నా బిడ్డ సదువు మానాల్నా?" అంది.

జీపులో పంపితే జీపుకు గురిపెడతారు. మనుషుల్ని తోడు పంపితే వాళ్లకు గురిపెడతారు. జనం నిండిన బస్సే మేలనుకున్నాడు శేషయ్య.

"ఇంకేం చేస్తాడమ్మీ ఆ ముసలోడు?"

"చింతలమిట్ట వస్తాందంటే, జరుగు పాపా అని నన్ను లోపలికి జరిపి కిటికీ పక్కన కూర్చుంటాడు. తువ్వాలు తీసేసి తల బయటికి పెడతాడు. ఊరు దాటినాక మల్లా చుట్టుకుంటాడు."

శేషయ్య రొట్టె వదిలేసి చేయి కడుక్కున్నాడు.

"గుర్తు చెప్తాండాడు," అన్నాడు తన ముఖ్యమైన మనిషి వెంకట్‌తో. "పాప యాడ కూర్చుందో వాళ్లకు చూపిస్తాండాడు."

"ఎవడో ఏందో కనుక్కుందామా అన్నా?"

"నువ్వు కనుక్కునే లోపల పాప ఉండదు."

మర్నాడు పొద్దున ఊరు దాటిన కల్వర్టు దగ్గర వెంకట్, ఇంకో ముగ్గురు కుర్రాళ్లు రాళ్లు అడ్డం పెట్టి బస్సు ఆపారు.

ముసలాయన్ను చొక్కా పట్టి ఈడ్చారు. బస్సు మెట్లకు మోకాళ్లు కొట్టుకుని చీరుకుపోయాయి. ఆయన సంచి దులిపితే సద్దిమూట తప్ప ఏమీ పడలేదు. అయినా వాళ్లు ఆగలేదు.

కండక్టరు బాలసుబ్రహ్మణ్యం దూకి అడ్డం పోయాడు. కట్టె దెబ్బ తిని కాలవలో పడ్డాడు.

"పాప చూస్తాంది. ఆ పక్కకు పోదాం పదండప్పా," అన్నాడు ముసలాయన. ఆయన అడిగింది అంతే.

మొదటి వేటు భుజం మీద పడింది. రెండోది అడ్డం పెట్టిన చేతి మీద పడి వేళ్లు తెగి దుమ్ములో రాలాయి. మూడోదానికి ఆయన మోకాళ్ల మీద కూలాడు. ఆ తర్వాత కొట్టినవన్నీ చచ్చిన మనిషినే కొట్టారు.

యామిని కిటికీ అంచు పట్టుకుని అంతా చూసింది.

డ్రైవరు రాళ్లు తప్పించి, పక్కమట్టి మీదుగా బస్సును ముందుకు ఉరికించాడు.

శేషయ్య జీపులో వచ్చేసరికి కుర్రాళ్లు కొడవళ్లు గడ్డికి తుడుస్తున్నారు. శవం ముఖానికి తువ్వాలు చుట్టే ఉంది.

కండక్టరు తల పట్టుకుని కాలవలోంచి లేచి వచ్చాడు.

"ఎంత పని చేయిస్తివప్పా," అన్నాడు.

"వీడు వాళ్లకు గుర్తు చెప్తాండాడు. నీకేం తెలుసు?"

"నాకు గాక ఎవరికి తెలుసప్పా? చింతలమిట్ట స్టేజీ కాడ దినామూ నలుగురు సంచులు పట్టుకోని నిలబడుంటారు. సంచుల్లో ఏముంటాయో నీకు చెప్పాల్నా? ఈయన తువ్వాలు తీసి మొగం చూపిస్తాడు. వాళ్లు తలకాయ దించుకోని ఎనక్కి జరుగుతారు. అప్పుడు బస్సు దాటుతాది. బడి వదిలేదాకా బస్టాండులో కూర్చోని, మల్లా పాపతోనే ఎక్కుతాడు."

"నాకెందుకు చెప్పల్యా?"

"నన్నెవరడిగినారప్పా?"

శేషయ్య వంగి తువ్వాలు విప్పాడు. నెత్తురుకు అంటుకున్న గుడ్డ గట్టిగా లాగితే గానీ రాలేదు.

ఆ ముఖం అతనికి తెలుసు. రెండేళ్ల కిందట పేపర్లో చూశాడు. కాలిన జీపు పక్కన నేల మీద, ఒళ్లో ట్రంకుపెట్టె పెట్టుకుని కూర్చున్న ముసలాయన ఫొటో అది.

"పాప యాడరా?" అన్నాడు.

"బస్సులోనే ఉందన్నా. బస్సు పోయింది."

శేషయ్య జీపు వైపు పరుగెత్తాడు.

దూరంగా దుమ్ము లేపుకుంటూ యామిని ఎక్కిన బస్సు చింతలమిట్ట వైపు పోతోంది, కరుణాకర్‌ను కన్న తండ్రి అంకన్న దాని కిటికీలో లేకుండా, మొదటిసారి.