ఏడవని పిల్ల

టేపు ఎర్రగీత దగ్గరే ఆగిపోయింది.

నమ్మలేక మళ్ళీ కొలిచింది గ్లోరి. మళ్ళీ ఎరుపే, అంటే తిండి చాలని బిడ్డ. ఎనిమిది నెలల ఆ పిల్ల చేయి గ్లోరి రెండు వేళ్ళంత లావు కూడా లేదు.

గ్లోరి తిరువూరు శివార్లలో అంగన్‌వాడీ టీచరు. పదిహేనేళ్ళ సర్వీసు. పిల్లల చేతులు కొలిచి కొలిచి, తల్లుల మనసులు కూడా కొలవగలనని ఆమెకో నమ్మకం.

ఎదురుగా నేలమీద కూర్చున్న మనిషి పేరు బుధ్రి. ఛత్తీస్‌గఢ్ నుంచి మిరపకోతలకి వచ్చిన కూలీ. వినగడప రోడ్డులో చేను పక్కన టార్పాలిన్ గుడిసె ఆమె ఇల్లు. చంకన ఆడపిల్లని, వీపున మగపిల్లవాణ్ణి కట్టుకుని నడిచి వచ్చింది.

పిల్లవాడి చేతికి టేపు చుట్టింది గ్లోరి. అది పచ్చరంగు చూపించింది. వాడి బుగ్గలు బూరెల్లా ఉన్నాయి.

"ఎవరి పిల్లలమ్మా?"

"నావి."

"ఇద్దరూనా? కవలలా?"

బుధ్రికి తెలుగు అంతంత మాత్రమే. "నావి," అంది మళ్ళీ.

ఇంతలో పిల్లవాడు ఏడుపు లంకించుకున్నాడు. బుధ్రి వాణ్ణి రొమ్ముకి ఆనించుకుంది. వాడు కడుపు నిండా తాగి వదిలాక, పిల్లని పెట్టుకుంది. ఆ పిల్ల నాలుగు గుక్కలు లాగి ఊరుకుంది. అక్కడ ఇంకేమీ లేదు.

"ముందు వాడికే ఎందుకిస్తావు?"

"వాడు ఏడుస్తాడు. ఇది ఏడవదు."

"ఏడవడానికైనా ఓపికుండాలి కదండీ," అంది పక్కనే ఉన్న ఆయా జోజమ్మ.

గ్లోరికి ఒళ్ళు మండింది. అయినా బుధ్రి పేరు కోసం వెతికింది. ఇక్కడి రిజిస్టర్లో లేదు. సరుకులిచ్చే ముందు ముఖం గుర్తుపట్టే ఫోను యాప్‌కి చూపిస్తే అదీ ఒప్పుకోలేదు. చివరికి తన పూచీ మీద ఒక బాలామృతం పిండి ప్యాకెట్, నాలుగు గుడ్లు ఇచ్చి పంపింది.

మర్నాడు కూలీల మేస్త్రి గిరిబాబు అటుగా వెళ్తుంటే పిలిచి అడిగింది.

"ఇద్దరిలో ఒకళ్ళే ఆవిడ బిడ్డ మేడమ్. రెండో బిడ్డ తల్లి పచ్చకామెర్లొచ్చి చచ్చిపోయింది. మొగుడు శవాన్ని తీసుకుని వాళ్ళ ఊరెళ్ళాడు. నెలైంది, ఇంకా రాలేదు."

అంతే చెప్పి గిరిబాబు బండెక్కి వెళ్ళిపోయాడు.

ఎవరు ఎవరి బిడ్డో గ్లోరికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. టేపు చెప్పింది చాలనుకుంది.

"చూశావా జోజమ్మా, కన్నకొడుక్కి కడుపు నిండా పట్టి, తల్లిలేని దాన్ని ఎండబెడుతోంది."

"పాలన్నీ వాడికే పోతున్నాయండీ, పాపం."

గ్లోరి అప్పటికప్పుడే పిల్లల సంరక్షణ ఆఫీసుకి ఫోను చేసింది.

రెండోరోజు ఆ ఆఫీసు జీపు వచ్చింది. దారి చూపించడానికి గ్లోరి కూడా ఎక్కింది.

బుధ్రి కోస్తున్న మిరపచెట్టు వదిలేసి గుడిసె దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. పిల్లని గట్టిగా పట్టుకుంది.

"నా పిల్ల. నా పిల్ల."

"మొన్న ఇద్దరూ నావే అన్నావు. ఎన్ని అబద్ధాలాడతావు?" అంది గ్లోరి.

చుట్టూ చేరిన కూలీలు వాళ్ళ భాషలో ఏదో చెబుతూనే ఉన్నారు. గిరిబాబు ఆ వేళ పెనుగొలనులో ఇంకో చేను దగ్గరున్నాడు. అతను వచ్చేదాకా ఆగుదామని ఎవరికీ తోచలేదు.

జీపులో వచ్చినవాళ్ళు బుధ్రి చేతులు విడదీసి పిల్లని తీసుకున్నారు. కారం అంటిన చేతులతో బుధ్రి రోడ్డు దాకా జీపు వెంట పరిగెత్తింది.

ఆదివారం చర్చిలో గ్లోరి లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. తల్లిలేని బిడ్డకి ఒక నీడ చూపించే భాగ్యం ప్రభువు తనకిచ్చాడంది. అందరూ ఆమెన్ అన్నారు. ఆ పూట ఆమె మనసు నిజంగానే తేలికపడింది.

పదకొండోరోజు బెజవాడలోని పిల్లల హోం నుంచి ఫోనొచ్చింది.

"పాప సీసా పాలు అసలు తాగలేదండీ. విరేచనాలు పట్టుకున్నాయి. ఆస్పత్రిలో నిన్న చనిపోయింది."

గ్లోరి చెడ్డ మనిషి కాదు. కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. ఎంత కాదన్నా నెలరోజులు సాకిన మనిషి, బుధ్రికి ఒక మాట చెప్పాలనిపించి ఆటో మాట్లాడుకుని చేను దగ్గరికి వెళ్ళింది.

బుధ్రి గుడిసె ముందు కూర్చుని ఉంది. పిల్లవాడు ఒళ్ళో నిద్రపోతున్నాడు. గ్లోరిని చూడగానే ఆమె కళ్ళు గ్లోరి చేతుల మీదికి, తర్వాత ఆటోలోకి వెళ్ళాయి.

"తెచ్చావా?"

"పాప చచ్చిపోయిందమ్మా."

అర్థమైందో లేదో గ్లోరికి తెలియలేదు. బుధ్రి నోట్లో కొంగు కుక్కుకుంది.

అప్పుడే గిరిబాబు బండి ఆగింది. వెనక నుంచి మూటతో ఒక మనిషి దిగాడు. నలిగిపోయిన చొక్కా, మాసిన గడ్డం.

"ఈ మనిషే మేడమ్, చచ్చిపోయినావిడ మొగుడు. ఇప్పుడే తిరువూరులో బస్సు దిగాడు. నడుస్తుంటే ఎక్కించుకొచ్చా."

కూతురి కోసం ఇంతదూరం వచ్చిన తండ్రికి ఎలా చెప్పాలి? గ్లోరి రెండు చేతులూ జోడించి అతనికి ఎదురువెళ్ళింది.

"క్షమించు బాబూ. నీ పాపని..."

అతనికి ఆ మాటలు అర్థం కాలేదు. ఆమెని దాటుకుని వెళ్ళి, బుధ్రి పాదాలకి దణ్ణం పెట్టి, ఆమె ఒళ్ళో నిద్రపోతున్న పిల్లవాణ్ణి గుండెలకి హత్తుకుని, వచ్చీరాని తెలుగులో "నా కొడుకు" అన్నాడు.